మస్కట్ నుంచి ఎనిమిదో క్యాసెట్టు

మొగిలయ్య మస్కట్‌కు పోయి రెండేళ్లు నిండేసరికి, ఖిలా వరంగల్ తూర్పు కోటలో హైదరాబాదు మొహం చూడనివాళ్లు కూడా మస్కట్ గురించి గొంతు చించుకుని వాదించుకునే దాకా వచ్చింది వ్యవహారం. అక్కడి సముద్రం పొద్దున ఏ రంగులో ఉంటుంది, సాయంత్రానికి ఏ రంగుకు తిరుగుతుంది, అక్కడి కొండల మీద గడ్డిపోచైనా ఎందుకు మొలవదు, పాత కోట తలుపులకు ఎంత లావు ఇత్తడి మేకులు దిగ్గొట్టారు, అన్నీ కురుమవాడ వాళ్లకు నోటికి వచ్చు. ఇదంతా మొగిలయ్య మూడు నెలలకొకటి చొప్పున పంపిన క్యాసెట్ల పుణ్యం.

ఉత్తరం రాసే ఓపిక అక్కడ, చదివిపెట్టే మనిషి ఇక్కడ, రెండూ కరువే కాబట్టి గల్ఫుకు పోయినవాళ్లు ఆ రోజుల్లో మాటలనే టేపులో నింపి పంపేవాళ్లు. అటునుంచి ఎవరు ఊరికి వచ్చినా వాళ్ల సంచిలో సబ్బులు, సెంటు సీసాలతో పాటు పక్కవాళ్లిచ్చిన క్యాసెట్లు పదో పన్నెండో ఉండేవి. మొగిలయ్య క్యాసెట్టు వినాలంటే మాత్రం అతని భార్య సమ్మమ్మ నాలుగిళ్ల అవతలి ఖాసింబీ ఇంటికి పోవాలి. టేపురికార్డరు ఉన్నది ఆమె దగ్గరే. ఖాసింబీ భర్త నయీముద్దీన్ కూడా మస్కట్‌లోనే నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ఇద్దరి క్యాసెట్లూ ఒకే పొట్లంలో వచ్చేవి. నయీముద్దీన్ క్యాసెట్టులో సలాములు, ఆరోగ్యం జాగ్రత్తలు తప్ప ఇంకేమీ ఉండవు. దాన్ని ఖాసింబీ తలుపేసుకుని ఒక్కతే వినేది. మొగిలయ్యది మాత్రం వాడంతటి సొత్తు.

క్యాసెట్టు వచ్చిందని తెలిసిన సాయంత్రం ఖాసింబీ వాకిట్లో కుట్టుమిషను మీద ముసుగు పడేది. ముసలి చిలుకమ్మ అందరికన్నా ముందు వచ్చి టేపురికార్డరుకు చెవి ఆనించినంత దగ్గరలో కూర్చునేది. ఆమెకు సముద్రం కావాలి. తక్కినవి ఏం చెప్పినా సరే, సముద్రం వచ్చిన చోట ఇంకోసారి తిప్పించుకుని వినకపోతే ఆమెకు ఆ పూట ముద్ద దిగదు.

మొగిలయ్యకు చెప్పడం తెలుసు. ఆ సంగతి ఒప్పుకోవాలి.

"సమ్మా, ఈడ మ్యూజియం అని ఒకటున్నది. పాత కోటనే మంచిగ సాపుజేసి పెట్టిన్రు. ఒక పగిలిన కుండపెంకుకు అద్దాల డబ్బా జేసి, దాని మీద బుడ్డలైటు వెట్టి, పక్కన తుపాకి పట్టుకొని జవాను నిలవడ్డడు. నాకైతె నవ్వాగలే. మన కోటల రాతి సింహాల మీద మనోళ్లు బట్టలారేత్తరు. గొర్లు ఎక్కి కూసుంటయ్. గీ పెంకుకు గింత మర్యాదైతె, మన రాతి కమాన్ చూత్తె వీళ్లు ఏమైపోతరో!"

అందరూ నవ్వేవాళ్లు. మర్నాడు పొద్దున ఒకరిద్దరు ఆ రాతి సింహాల మీది బట్టలు తీసి, వాటి వంక కొత్తగా చూసి, మళ్లీ అక్కడే ఆరేసేవాళ్లు.

మొగిలయ్య పెయింటరు. పుట్టింది కురుమల ఇంట్లోనే అయినా, తండ్రి మంద రోగం తగిలి ఒక్క వానాకాలంలో తుడిచిపెట్టుకుపోయాక, ఇక గొర్రెల వెంట తిరిగే బతుకు వద్దని పదిమందిలో ఒట్టు పెట్టుకున్నాడు. "కట్టె పట్ట, కుంచె పడత" అని వరంగల్ బజారులో బోర్డులు రాసే దుకాణంలో చేరాడు. డెబ్బై ఆరు, డెబ్బై ఏడు నాటికి చుట్టుపక్కల ఏ గోడ చూసినా అతని చేతి కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణమే. తొర్రూరు బస్టాండులో ఎరువుల బస్తా బొమ్మ అతనిదే. కేసముద్రం మార్కెట్ గోడ మీద పత్తికాయ పగిలి నవ్వుతున్న బొమ్మ అతనిదే. ఆ బొమ్మను చూడడానికి పనిగట్టుకుని సమ్మమ్మను బస్సెక్కించి తీసుకుపోయాడు కూడా.

సమ్మమ్మకు పుట్టింటివాళ్లు అరణంగా ఇచ్చిన గొర్రెల మంద ఉంది. అవి పూర్తిగా ఆమెవి. మొగిలయ్య వాటి జోలికి పోయేవాడు కాదు, ఒట్టు ఒట్టే. కాకపోతే సాయంత్రం మంద మట్టికోట కట్ట దిగి ఇంటిదారి పట్టే వేళకు, అరుగు మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే నాలుకను అంగిటికి కొట్టి టక్కుటక్కుమని ఒక చప్పుడు తీసి, చివరన సన్నగా ఈల కలిపేవాడు. అది వాళ్ల నాయన దగ్గర నేర్చిన పిలుపు. ఒక్కో ఇంటి పిలుపు ఒక్కో తీరు, ఎవరి గొర్రెలు వాళ్ల పిలుపుకే వస్తాయి. సమ్మమ్మ గొర్రెలు పెయింటరు పిలుపుకు పరుగెత్తుకొచ్చేవి. ఆమె నవ్వితే, "నేనేం జేసిన? పాట పాడుకున్న" అనేవాడు.

ఎనభై రెండులో పెయింటరు వీసా మీద మస్కట్‌కు పోయాడు. పెద్ద షేక్ సాబు అతిథుల బంగళా గోడలకు బొమ్మలు వేస్తున్నానని మొదటి క్యాసెట్టులోనే చెప్పాడు. దాంతో కురుమవాడలో సమ్మమ్మ విలువ ఒక మెట్టు పెరిగింది. ఆమె పెరగనిచ్చింది కూడా. నడకలో కాస్త నిటారు వచ్చింది, నీళ్ల నల్లా దగ్గర మాటలో కాస్త దర్పం వచ్చింది. ఎవరు అడగనీ, అడగకపోనీ, "మా ఆయిన మొన్న సముద్రం కాడ కూసున్నడట" అని ఒక మాట విసిరేది.

ఆ మాటలన్నీ ఎక్కువగా దిగింది ఆమె తమ్ముడు పోశయ్య చెవిలో. ఇరవై రెండేళ్లవాడు. అక్క మందను అతనే కాస్తాడు, ఎండాకాలం మేత కోసం ఏటూరునాగారం అడవిదాకా తోలుకుపోతాడు. కాళ్లు అడవిలో, మనసు మస్కట్‌లో. తన ఈడువాళ్లు ఇద్దరు ఏజెంటును పట్టుకుని పాసుపోర్టులు చేయించుకున్నాక అతను ఇంక నిలవలేదు.

"అక్కా, మందను అమ్ముదాం. బావ ఉన్నకాడికే నేను పోత. రెండేండ్లల్ల ఇంతకు రెండింతల మంద నీ దొడ్ల నిలవెడ్త. ఇది నా మాట" అన్నాడు.

మంద పోతే సమ్మమ్మకు ఇంకేమీ లేదు. పుట్టింటి గుర్తు, తిండి, ధైర్యం అన్నీ ఆ దొడ్లోనే ఉన్నాయి. అలాగని ఒక్కగానొక్క తమ్ముడి కాలికి అడ్డం పడే మనిషీ కాదు. ఆలోచించి ఒక దారి చెప్పింది. బావను అడుగుదాం, బావ రమ్మంటే మంద అమ్ముతా, వద్దంటే నోరు మూసుకుని కట్టె పట్టు అంది. పోశయ్య ఒప్పుకున్నాడు. బావ వద్దంటాడని అతనికి కలలో కూడా లేదు. సమ్మమ్మ టేపులో ఆ ముక్క స్పష్టంగా అడిగి పంపింది.

జవాబుగా వచ్చిందే ఎనిమిదో క్యాసెట్టు.

ఆ సాయంత్రం ఖాసింబీ వాకిట్లో కాలు పెట్టే సందు లేదు. ఏజెంటు అమావాస్య దాకా గడువిచ్చాడు, మందను కొనే బేరగాడు పొద్దున్నే వచ్చి గొర్రెల వీపులు తడిమి చూసి పోయాడు. పోశయ్య చొక్కా ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాడు. మొదటి వైపంతా సముద్రం, పడవలు, ఎండుచేపల బజారు, ఒక ముసలాయన తాటాకు బుట్టలల్లే తీరు. చిలుకమ్మ సముద్రాన్ని రెండుసార్లు తిప్పించింది. పోశయ్య పళ్లు నూరుకుంటూ ఓర్చుకున్నాడు. క్యాసెట్టు తిరగేశారు.

"పోశయ్య సంగతి అడిగినవు గదా సమ్మా. జర నిమ్మలంగ విను. వాడు ఈడికి..."

మాట ఆగింది. "అరే, ఒక్క నిమిషం" అన్నాడు మొగిలయ్య. టేపురికార్డరు కింద పెట్టిన చప్పుడు. గులకరాళ్ల మీద పరుగు. తర్వాత గాలి. గాలిలో ఎక్కడో దూరంగా ఏవో సన్న చప్పుళ్లు. మళ్లీ గాలి. అలాగే టేపు చివరిదాకా తిరిగి టక్కుమని ఆగిపోయింది.

"షేక్ సాబు పిలిచినట్టున్నడు" అంది చిలుకమ్మ.

"బంజేసుడు మరిచిపోయిండు బావ" అని పోశయ్య లేచి నిలబడ్డాడు. మొహం వెలిగిపోతోంది. "ఏమైతేంది, రమ్మనే అంటాండు. వద్దనేటోడైతె మొదలే వద్దనేటోడు. అంతే గదా అక్కా?"

సమ్మమ్మ టేపురికార్డరు దగ్గరికి జరిగింది. "ఖాసింబక్కా, ఆ ఎనకవైపు మళ్లొక్కసారి వెట్టు" అంది. పెట్టారు. ఇంకోసారి పెట్టమంది. జనం విసుగెత్తి లేచి పోయారు. చిలుకమ్మ కూడా పోయింది. మూడోసారి పెట్టినప్పుడు సమ్మమ్మ కళ్లు మూసుకుని విన్నది.

గాలి వెనక ఒక గొర్రె మూలుగుతోంది. అరుపు కాదు. ఈనే గొర్రె అరవదు, గొంతులోనే గురగురమంటుంది. మామూలుగా అయితే ఆ గురగురలు ఒకదాని వెంట ఒకటి దగ్గరవుతూ పోవాలి. ఇక్కడ ఒకదానికొకదానికి ఎడం పెరుగుతోంది, మధ్యలో పళ్లు కొరికే చప్పుడు. లోపల పిల్ల అడ్డం తిరిగిందన్న మాట. దాని మీద మనిషి గొంతు, "దా తల్లీ, దా, నేనున్న గదా" అని. తర్వాత టక్కుటక్కుమని నాలుక చప్పుడు, చివర సన్న ఈల. ఆ పిలుపు తీసే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే.

షేక్ సాబు బంగళా గోడ దగ్గర గొర్రె ఎందుకు ఈనుతుంది? ఈనినా పెయింటరు ఎందుకు పరుగెత్తాలి?

కురుమ బిడ్డ ఎంతటి అబద్ధమైనా ఆడగలడు గానీ, ఈనలేక తల్లడిల్లే గొర్రెను వదిలి టేపు మీట నొక్కడానికి ఆగలేడు. మొగిలయ్య ఆగలేదు. అక్కడే దొరికిపోయాడు.

మరునాడు పొద్దెక్కాక, వాకిలి ఖాళీగా ఉన్నప్పుడు సమ్మమ్మ మళ్లీ వచ్చింది. ఖాసింబీ రవిక చేతులు కుడుతోంది.

"అక్కా, నయీమన్న ట్యాంకరుల నీళ్లు ఏడికి కొంచవోతడు?"

"ఎడారిలకే. ఆడ డేరాలుంటయట. ఊర్లల్ల నల్లాలున్నయ్, నీళ్లు కొంచవోవుడెందుకు?" అని ఖాసింబీ అలవాటుగా జవాబిచ్చింది.

"మరి మా ఆయిన క్యాసెట్లు నయీమన్న చేతికెట్ల వత్తయ్?"

మిషను ఆగింది. ఖాసింబీ తలెత్తి సమ్మమ్మను చూసింది. "వారం వారం నీళ్లు కొంచవోయినప్పుడు కలుత్తాడట" అని నెమ్మదిగా అంది. తన నోటి మాట తనకే వినపడ్డాక, "యా అల్లా" అని నుదుటి మీద చెయ్యి పెట్టుకుంది.

సమ్మమ్మకు ముందు ఒళ్లు మండింది. రెండేళ్లు తనను ఊరందరి ముందు పిచ్చిదాన్ని చేశాడని కోపం. కాసేపటికి ఆ కోపం కాస్తా దుఃఖమైంది. ఎడారిలో ఒక్కడే డేరాలో కూర్చుని, చిలుకమ్మ కోసం సముద్రం, తన కోసం మ్యూజియం, పోశయ్య కోసం పడవలు పోగుచేసి మాటాడే మనిషి కళ్ల ముందు కనిపించాడు. ఏడ్చింది. ఖాసింబీ చెంగుతో మొహం తుడిచి మంచినీళ్లిచ్చింది.

"పోశయ్యకు జెప్పు. ఫికర్ తీరుతది" అంది ఖాసింబీ.

"వానికి జెప్తె పొద్దుగూకేటాళ్లకు కోటంత జెప్తడు. కట్టె పట్టనని నలుగుట్ల ఒట్టు వెట్టిన మనిషి అక్కా. ఆయిన ఇజ్జత్ నేనెట్ల తీత్త? జెప్తె ఆయినే జెప్పాలె."

"చెప్పకపోతె?"

"చెప్తడు" అంది సమ్మమ్మ. అంత గట్టిగా ఎలా అనగలిగిందో ఆమెకే తెలియదు గానీ, అన్నాక అనుమానం రాలేదు.

రికార్డు చేసే ఎర్ర మీట, నడిపే నల్ల మీట రెండూ ఒక్కసారే నొక్కి పట్టి టేపు ముందు కూర్చుంది. రాత్రంతా కూడగట్టుకున్న మాటలు చాలానే ఉన్నాయి. గాలి పీల్చుకుని, వదిలి, ఒకే ఒక్క ముక్క అడిగింది.

"ఆ ఈనే గొర్రె బతికిందా?"

మీట లేపేసింది. మిగతా టేపంతా ఖాళీ. ఆ వారమే మస్కట్‌కు పోతున్న ఒకాయన చేతికి ఇచ్చి, నయీముద్దీన్‌కు అందేలా చూడమంది.

ఇంటికి వచ్చి మందను అమ్మేది లేదని తమ్ముడికి చెప్పింది. ఎందుకని అడిగితే, "బావ ఒప్పుకున్నట్టు నాకు వినవడలే" అంది.

పోశయ్య గొంతు కోట గోడలు దాటింది. "నీ మొగడు షేకుల బంగ్లల ఉండాలె, నీ తమ్ముడు గొర్ల పెంటల ఉండాలె. అంతేనా? నేను బాగుపడ్తె నీకు కండ్లమంటనా అక్కా?" అన్నాడు. ఆ మాట సమ్మమ్మకు గుండెలో దిగింది. ఒక్క వాక్యంతో అతని నోరు మూయించే సత్తా తన దగ్గరుంది, అది చెప్పడానికి లేదు. "కట్టె ఆడ వెట్టిపో" అని మాత్రం అంది. పోశయ్య కట్టెను దొడ్లోకి విసిరి వెళ్లిపోయాడు.

అమావాస్య దాటింది. పోశయ్య ఈడువాళ్లిద్దరూ కాజీపేటలో బొంబాయి రైలెక్కారు. వాళ్లను సాగనంపి వచ్చినవాడు అక్క ఇంటి ముందు నుంచే నడిచిపోయాడు గానీ తల తిప్పలేదు. సమ్మమ్మ మందను తనే తోలుకుపోయింది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, తలకు తువాలు చుట్టి, మట్టికోట కట్ట మీద ఆడమనిషి గొర్రెలు కాయడం కోటలో వింత. చూసినవాళ్లు చూశారు, నవ్వినవాళ్లు నవ్వారు. "పెయింటర్ పెండ్లామా, మస్కట్ల ఏం సంగతి?" అని ఒకడు కింది నుంచి కేకేస్తే, "సముద్రం నిండుగున్నదట, నువ్వు వోయి మునుగు" అని పైనుంచి అంతకన్నా గట్టిగా కేకేసింది. ఎండకు నల్లబడింది, పాదాలు పగిలాయి, కాని మందలో ఒక్క పిల్ల పోలేదు.

కట్ట మీద కూర్చుంటే అన్నీ ఒక్కొక్కటే అర్థమయ్యాయి. గదిలో ఉండే మనిషి ఫ్యాను గురించో, పక్కవాడి గురకల గురించో మాట్లాడాలి. మొగిలయ్య క్యాసెట్లలో ఎప్పుడూ గాలి ఎటు మళ్లిందో, చుక్కలు ఎంత కిందికి వచ్చాయో, తుమ్మలాంటి ముళ్లచెట్టు ఎన్నాళ్లకు పూసిందో ఉండేది. తనే వినలేదు. అందరితో కలిసి సముద్రం విన్నది.

హోళీకి రెండు రోజుల ముందు తొమ్మిదో క్యాసెట్టు వచ్చింది.

ఖాసింబీ దాన్ని కొంగు చాటున పెట్టుకుని కట్ట దగ్గరికే వచ్చింది. "ముందుగాల మనిద్దరమే విందాం చెల్లే. మంచిదైతె తర్వాత అందరికి వినిపిద్దాం. ఏమంటవ్?"

సమ్మమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. దాని మీద ఎర్రరంగుతో చిన్న రాతి కమాను బొమ్మ. ఇన్నాళ్లూ ఏ క్యాసెట్టు మీదా బొమ్మ లేదు. భయం వేసింది. ఇందులో మళ్లీ మ్యూజియమే ఉంటే, అడిగిన ముక్కకు జవాబు లేకపోతే, తమ్ముడు ఈ జన్మకు మళ్లీ తన గడప తొక్కడు. జవాబు ఉంటే, మొగుడి గుట్టు పదిమంది చెవుల్లో పడుతుంది. చాలాసేపు దాన్ని అటూ ఇటూ తిప్పింది.

"వాడంత వింటదని ఆయినకెరుకే గదా అక్కా. ఎరికుండే మాట్లాడి ఉంటడు. అందరిని రమ్మను" అంది. మందను పెందరాళే దొడ్లోకి తోలి, పోశయ్య ఉంటున్న స్నేహితుడి ఇంటికి పోయి, పడుకుని ఉన్నవాడిని రెక్క పట్టుకుని లేపింది. "నడువ్. నీ జవాబు వచ్చింది." అతను గొణుక్కుంటూనే వచ్చాడు, వచ్చి వాకిట్లో అందరికన్నా వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

టేపు తిరిగింది. మొదట గాలి. మొగిలయ్య గొంతు సవరించుకున్నాడు.

"సమ్మా. బతికింది."

వాకిట్లో ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. సమ్మమ్మ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండు పిల్లలు. ముందటిది కాళ్లు ఎనకకు వడి అడ్డం తిరిగింది. చెయ్యి వెట్టి, కాళ్లు సరిజేసి తీసిన. రెండోది దానంతటదే జారింది. తల్లి లేచి నిలవడి రెండిటిని నాకింది. వాడోళ్లందరు వింటాన్రని నాకెరుకే. వినుండ్రి. నేను ఈడ గొర్లు కాత్తాన. బంగ్ల లేదు, గోడల్లేవు. దిగిన తెల్లారే నా కాయితాలు గుంజుకొని, ట్రక్కు ఎక్కించి, ఎడారిల దించి కట్టె చేతికిచ్చిన్రు. మూడు వందల గొర్లు, నేనొక్కన్ని. పట్టనని ఒట్టు వెట్టిన కట్టెనే పట్టిన. మీకు జెప్పనీకి మొకం చెల్లలే."

చిలుకమ్మ టేపురికార్డరునే నిలదీసింది. "మరి సముద్రం రా?"

"చిలుకత్త అడుగుతది, సముద్రం మాటేందని. చూసిన అత్తా. మ్యూజియం సుత చూసిన. రంజాన్ పండుగనాడు నయీమన్న ట్యాంకరుల ఎక్కించుకొని ఒక్కదినం తిప్పుకొచ్చిండు. ఆ ఒక్కదినాన్నే రెండేండ్లు జెప్పిన."

చిలుకమ్మ బుగ్గలు తడిశాయి. "ఒక్కదినంల గంత చూసిండా పోరడు" అంది.

"కుంచె ఇడువలే సమ్మా. గొర్ల ఈపుల మీద గుర్తువెట్టే ఎర్రరంగు ఇచ్చిన్రు. దాంతోని నీళ్ల ట్యాంకు మీద మన రాతి కమాన్ గీసిన, పైన రెండు హంసలతోని సహా. ఒంటె మీద పోయే ముసలి అరబ్బు ఒకాయిన దిగి, దాని చుట్టు తిరిగి చూసి, ఖర్జూరాల సంచి నా ముందట వెట్టి పోయిండు. ఇగ చెప్తాన, ఈ ఎడారి సుత మంచిగుంటది. ఇన్నొద్దులు మ్యూజియం జెప్పుకుంట దీని ముచ్చట నేనే మింగిన. పొద్దుగూకంగ ఇసుకంత మన ఎర్ర జాజుమన్ను రంగుకు తిరుగుతది. అది చూసుకుంట నేను బతికిన."

గోడ దగ్గర పోశయ్య తల దించుకున్నాడు.

"పోశిగా, ఆనాడు నీకు జెప్పబోయిన మాట ఇదే. నువ్వు వత్తె నీ చేతికి సుత ఇదే కట్టె ఇత్తరు. మీ అక్క మంద అమ్ముకొని వచ్చి, ఒగని మంద కాత్తవా? నయీమన్న నా కాయితాల కోసం తిరుగుతాండు. వానలు వడేటాళ్లకు నేను వత్త. అప్పటిదాక మందను జాగ్రత్తగ చూడు తమ్మీ. ఇగ పొద్దు గూకుతాంది, గొర్లను మళ్లేసుకుంట."

మీట నొక్కలేదు. ఈసారి మరిచిపోయి కాదని అందరికీ తెలుస్తూనే ఉంది. గులకరాళ్ల మీద అడుగులు, ఆ తర్వాత టక్కుటక్కుమని పిలుపు, చివరన ఈల. దూరం నుంచి వందల గొర్రెలు కదిలిన చప్పుడు.

పోశయ్య జనాన్ని దాటుకుని ముందుకు వచ్చాడు. అక్క మొహం చూడలేకపోయాడు. "ఖాసింబక్కా, జర ఇయ్యి" అని టేపురికార్డరును చేతుల్లోకి తీసుకున్నాడు. దాని పొట్టలో మందపాటి సెల్లులు ఉండబట్టి అది పాడుతూనే అతని వెంట నడిచింది. నాలుగిళ్లు దాటి దొడ్డి దగ్గరికి పోయాడు. వాడ మొత్తం వెనకాలే పోయింది. ఖాసింబీ సమ్మమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది.

దొడ్డి కంప మీద టేపురికార్డరు పెట్టి, వెనక్కి తిప్పి, చప్పుడు పూర్తిగా పెంచి మళ్లీ మీట నొక్కాడు పోశయ్య. మొగిలయ్య పిలిచాడు. చిన్న గొర్రెలు బెదిరి మూలకు ఒత్తిగిల్లాయి. ఆ గుంపులోంచి, సమ్మమ్మ కాపురానికి వచ్చిన ఏడు తనతో తెచ్చుకున్న ముసలి గొర్రె ఒకటి తలెత్తింది. దాని చెవులు నిలబడ్డాయి. పిల్లలను తోసుకుంటూ కంప దాకా వచ్చి, మూతి చాపి, ఒక్కసారి గట్టిగా అరిచింది. దాని వెంట ఇంకో మూడు వచ్చాయి.

సమ్మమ్మ అక్కడే నేల మీద కూలబడి, రెండేళ్లకు సరిపడా ఏడ్చింది. ఏడుస్తూనే నవ్వింది. పోశయ్య దొడ్లో తను విసిరేసిన కట్టె కోసం చూశాడు. అది తుడిచి గోడకు ఆనించి ఉంది.

"అక్కా, రేపటి సంది నేనే తోలుకపోత" అన్నాడు, టేపును మళ్లీ వెనక్కి తిప్పుతూ.